గ్రేడింగు బల్ల మీద రెండు కంప్యూటర్లు

మా ఫ్యాక్టరీ బాబాయ్ నా కంప్యూటర్ని చూడగానే ఆన్ చెయ్యమనలేదు. దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ముందు భాగం మీద వేలితో గీసి, ఆ వేలిని కిటికీ వెలుగులో పెట్టి చూసుకున్నాడు. తరవాత కుర్చీలో కూలబడి, "ఏటమ్మా ఇది, మాడిన సరుకులాగ ఉన్నాది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అది నా చేతులతో నేను బిగించిన మొట్టమొదటి మిషను. నాకసలే ముక్కు మీద కోపం.

బాబాయ్ అంటే సొంత బాబాయ్ కాదు. పలాసలో ఆయనకి జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఉద్దానంలో మా తోటలో రాలిన జీడిపిక్కలు ఏటా ఆయనకే వేసేవాళ్ళం. పిక్కలంటే పెంకు తియ్యని గింజలు. చిన్నప్పుడు నాన్నతో పాటు బస్తాల మీద కూర్చుని వచ్చేదాన్ని కాబట్టి ఆ పిలుపు అలవాటైపోయింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. టెక్కలిలో డిగ్రీ అయ్యాక విశాఖపట్నంలో ఆరు నెలలు హార్డ్‌వేర్ కోర్సు చేశాను. మా బ్యాచ్‌లో ఆడపిల్లని నేనొక్కదాన్నే. అక్కడ స్క్రూడ్రైవర్ పట్టుకున్న మొదటి రోజే నాకు అర్థమైపోయింది, ఇదే నా పని అని. తిరిగొచ్చి కాశీబుగ్గలో ఒక చిన్న గది అద్దెకి తీసుకుంటానన్నాను. విడిభాగాలు తెచ్చి, ఊళ్ళోవాళ్ళకి కావలసిన కంప్యూటర్లు నేనే బిగించి అమ్ముతానన్నాను. ఇంట్లో పెద్ద రభస జరిగింది. చివరికి నాన్న ఒక మాట చెప్పాడు.

"ఈ పిక్కల సీజను అయ్యేలోగా ఒక్క మిషను అమ్మి సూపించు. అమ్మితే కొట్టు నీది, నానడ్డు రాను. నేదంటే మాటాడకుండా బీఈడీలో సేరిపో."

నాన్న మాటంటే మాటే. సీజను సగం దాటిపోయింది. గది తలుపు తీసుకుని రోజూ కూర్చున్నాను. వచ్చినవాళ్ళు లోపలికి తొంగిచూసి, "బిగించే ఆయన ఎప్పుడొస్తారమ్మా" అని అడిగేవాళ్ళు. నేనేనండీ అంటే నవ్వి, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయేవాళ్ళు. ఒక్కరూ మళ్ళీ రాలేదు. అలాంటప్పుడు బాబాయ్ కబురు పెట్టాడు, ఆఫీసుకి కంప్యూటర్ కావాలని. పప్పు కొనే ఢిల్లీ పార్టీకి ఈమెయిల్ పంపడానికి, డబ్బాల మీద అంటించే లేబుళ్ళు అచ్చు తీసుకోవడానికి. ఆ రోజు నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆయన ఇస్తానన్న డబ్బు మొత్తం లోపలే పెట్టాను. ర్యామ్ రెండింతలు వేశాను. పలాసలో వేపుడు డ్రమ్ముల మోటార్లు ఒక్కసారి తిరగడం మొదలెడితే ట్యూబులైట్లు కళ్ళు మూసి తెరుస్తాయి. ఆ కరెంటుకి మామూలు పవర్ సప్లై నిలవదని తెలిసి, గట్టిది, బరువైనది వెతికి తెచ్చాను. పైన పెట్టె మాత్రం, మేం క్యాబినెట్ అంటాం, విశాఖలో మూతపడిన ఒక ఆఫీసు నుంచి వచ్చిన పాతది. ఎప్పుడో తెల్లగా ఉండి, ఇప్పుడు పాత పెళ్ళిపత్రిక రంగుకొచ్చింది. ఒక పక్క చిన్న సొట్ట కూడా. అయితే ఏంటి, పని చేసేది లోపలిది కదా అనుకున్నాను. అనుకోవడమే కాదు, ఆ సొట్టని చూసి కొంచెం గర్వపడ్డాను కూడా.

బాబాయ్ ఆఫీసులో నా మిషను పక్కనే ఇంకొకటి ఉంది. టెక్కలి షోరూం వాళ్ళు చూడమని పంపించారట. నల్లగా, నిగనిగలాడుతూ, ముందు వెండి రంగు పట్టీ, నడి మధ్యలో నీలం లైటు. పెళ్ళికి తయారైనట్టుంది.

"దానికన్నా ఇది బేగి పని సేస్తాది బాబాయ్. ముందు ఆన్ సేసి సూడండి" అన్నాను.

"ఆన్ సేత్తే నాకేటి తెలుస్తాది తల్లీ. నాకు నడపడం రాదు."

ఆ మాటకి నోరు ఊరుకోలేదు. "బాబాయ్, మా నాన్న పిక్కలు తెచ్చినప్పుడు గోనెసంచీ అందం సూసి ఎప్పుడైనా కొన్నారా? గుప్పెడు పిక్కలు తీసి, నిలువునా కోసి, లోపల పప్పు సూసి కదా రేటు సెప్పేవోరు. నా మిషనుకి మాత్రం గోనెసంచీ సూసి ఎలగ సెప్తారు?"

అనేశాక భయమేసింది. ఆయన పెద్దమనిషి, పైగా ఏటా మా సరుకు కొనేవాడు. ఆయనకి మాత్రం కోపం రాలేదు. సరదా పుట్టినట్టు ముందుకి వంగాడు.

"నిజమే. కొన్నప్పుడు కోసి సూత్తాను. మరి అమ్మినప్పుడు నా పప్పుని కోసి సూసినోడు ఒక్కడున్నాడేటి? డబ్బా మూత తీస్తాడు, రంగు సూత్తాడు, విరగని గుండు ఎంతుందో సూత్తాడు. ఒక్క మచ్చ ఉంటే సాలు, అదే తోట, అదే రుచి, అయినా రకం మారిపోతాది. ఇప్పుడు సెప్పు, ఈ మిషను నాను కొనేదా, అమ్మేదా?"

"కొనేదే కదండీ."

"కొనేది నాను. సూసేది ఢిల్లీ పార్టీ. ఎల్లుండి వచ్చి ఈ గదిలోనే కూకుంటాడు. ఆయన కళ్ళకి ఇది నా సరుకుతో సమానం."

జవాబు లేనప్పుడు నా గొంతు ఇంకా పెరుగుతుంది. "అయితే రెండూ కోసి సూడండి. ఇప్పుడే" అన్నాను.

బాబాయ్ కుర్చీలోంచి లేచి, "అప్ప సేత సూపిద్దాం" అన్నాడు.

అప్ప ఆ ఫ్యాక్టరీలో పప్పు ఏరే ఆడవాళ్ళకి పెద్ద. వయసు ఎంతో ఆవిడకే తెలియదు. జీడి నూనె పట్టి చేతివేళ్ళు ఎప్పుడో నల్లబడిపోయాయి, చూపు మాత్రం చురుక్కుమంటుంది. ఏ పప్పు ఏ రకమో అనుమానం వస్తే అప్ప చెప్పిందే ఖాయం. యజమాని మాట కూడా అక్కడ చెల్లదు. ఒకసారి బాబాయ్ ఒక పళ్ళెం పప్పుని మొదటి రకంలో కలిపెయ్యమంటే, ఆవిడ ఆ పళ్ళెం మీద గుడ్డ కప్పేసి బయట మెట్ల మీద కూర్చుందట. ఆయనే వెళ్ళి బతిమాలుకుని లోపలికి తెచ్చాడట. ఆ ఫ్యాక్టరీలో తగువు ఏదొచ్చినా గ్రేడింగు బల్ల దగ్గరికే వెళ్తుంది. కంప్యూటర్లు కూడా అక్కడికే వెళ్ళాయి.

పెద్ద కిటికీల కింద పొడుగాటి బల్లలు, వాటి మీద తెల్లగా పప్పు రాశులు. అటూ ఇటూ తలలకి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు. గుండు ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి, ముక్క ఒక పక్కకి ఏరేస్తుంటే, చూస్తుండగానే రాశి కరిగిపోయేది. ఒక బల్ల ఖాళీ చేయించి రెండు సీపీయూలనీ పక్కపక్కన పెట్టించారు. నేను ముందుకి రాబోతే అప్ప ఆపింది.

"గాజులు తియ్యి. తలకి గుడ్డ కట్టు. ఈ బల్ల కాడికి ఎవులైనా అలగే రావాల."

నోరు మూసుకుని తీశాను, కట్టుకున్నాను. చుట్టూ అందరూ పని ఆపేసి చూస్తున్నారు. ఈ ముసలావిడ నోట్లోంచి వచ్చే మాట మీద నా కొట్టు ఉందని ఆవిడకి తెలియదు.

అప్ప రెండింటినీ తడిమింది. ఆ తరవాత నేను కలలో కూడా అనుకోని పని చేసింది. నా సీపీయూని రెండు చేతులతో ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని, గట్టిగా ఊపింది.

"అప్పా, దించెయ్, నీకు దణ్ణం పెడతాను, దించెయ్" అని నేను చేతులు చాపాను. లోపల హార్డ్ డిస్క్ ఉంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఉండే గుంటా, ఇననీ" అని ఇంకోసారి ఊపింది. ఏ చప్పుడూ లేదు. పెదవి విరిచి కింద పెట్టి, నల్లదాన్ని ఎత్తింది. ఊపింది. లోపల గలగలమంది. అప్ప మొహం విప్పారింది.

"ఇది బాగా ఎండిన సరుకు బాబూ. ఈ గుంట తెచ్చింది తడి సరుకు, మోగతా నేదు."

అందరూ తలలూపారు. బాబాయ్ కూడా ఊపాడు. పిక్కల బేరం తెలిసినవాళ్ళకి అది చాలా సహజమైన తీర్పు. గుప్పెడు పిక్కలు ఊపి చూస్తే, ఎండినవైతే గలగలమంటాయి, తడివైతే మూగగా ఉంటాయి. నాన్న తెచ్చిన బస్తాల్లోంచి గుప్పెడు తీసి బాబాయ్ అలాగే ఊపి చూడడం నేను ఎన్నిసార్లు చూశానో. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"అప్పా, పిక్క మోగాల. ఇది మోగకూడదు" అన్నాను.

"అదేటి, సడీ సప్పుడూ నేకపోతే మంచిదెలగ అవుతాది?"

"కోసి సూపిత్తాను ఉండు."

నల్లదాని పక్క పలక విప్పాను. లోపల ఒక స్క్రూ ఊడి, మదర్‌బోర్డు మీద దొర్లుతోంది. "ఇది ఇక్కడుండగా కరెంటిస్తే లోపలంతా కాలిపోయేది" అని చూపించాను. అప్ప వంగి ఆ స్క్రూని రెండు వేళ్ళతో తీసి, వెలుగులో తిప్పి చూసి, నా చేతిలో పెట్టింది. నేను దాన్ని దాని చోట బిగించేశాను. ఆ మిషను చెడ్డదేమీ కాదు. దారిలో ఎక్కడో ఊడి ఉంటుంది. ఆ మాట బాబాయ్‌తో కూడా చెప్పాను, చెప్పకపోతే నాకే బాగుండదనిపించింది.

తరవాత నాది విప్పాను.

అప్ప చాలాసేపు చూసింది. లోపల వైర్లన్నీ వంపులు తిరిగి, ఒక వరసలో పడుకుని ఉన్నాయి. జానెడుకో చోట తెల్లదారంతో కట్టాను. మిగిలిన దారం కొసలు కూడా ఒకే పొడవుకి కత్తిరించాను. ఆ పని మీద ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాను, అన్నం కూడా మర్చిపోయి.

"ఈ దారాలు ఇలగ కట్టకపోతే ఇది నడవదేటి?" అని అడిగింది.

"నడుస్తాది."

"మరెందుకు కట్టావు? మూతేసేస్తావు కదా, ఎవులు సూత్తారని?"

నాకు తల కొట్టేసినట్టయింది. గాలి బాగా ఆడుతుందని ఒక ముక్క చెప్పొచ్చు, అది నిజమే. కొసలు ఒకే పొడవుకి కత్తిరించడానికీ గాలికీ మాత్రం సంబంధం లేదు. నాకు అందంగా ఉండాలనిపించింది, అంతే. బాబాయ్‌తో అంతసేపు అందం దేనికని వాదించినదాన్ని నేనే.

అప్ప బాబాయ్ వైపు తిరిగింది. "లోనంతా ఈ గుంటదే మొదటి రకం బాబూ. పైన ఆళ్ళదే బాగున్నాది." మళ్ళీ నా వైపు తిరిగి, "దీన్ని మంచి పెంకులో పెట్టనేవేటే?" అంది.

పెట్టొచ్చు. అరగంట పని. క్యాబినెట్ అంటే మొత్తం మిషను ఖరీదులో ఓ మూలకి వస్తుంది. అది తెలియక కాదు నేను పాతది పెట్టింది. నా మొహం చూసి, నా జడ చూసి, బిగించే ఆయన ఎప్పుడొస్తారని అడిగినవాళ్ళందరి మీదా కోపం నాకు. పైరూపు చూసి తూచేవాళ్ళకి బుద్ధి చెప్పాలని, సొట్టపడ్డ పెట్టెలో మంచి మిషను పెట్టి వాళ్ళ ముందు నిలబెట్టాను. ఆ కోపంలో, నెలల తరబడి ఎదురుచూసిన ఒకే ఒక్క బేరాన్ని పణంగా పెట్టేశాను. ఆ బల్ల దగ్గర నిలబడి ఇదంతా ఒక్కసారి తోచేసరికి సిగ్గేసింది, వెంటనే ఎక్కడలేని హుషారూ పుట్టుకొచ్చింది. ఎందుకంటే దీన్ని సరిచెయ్యొచ్చు.

ముందు కరెంటిచ్చి చూశాను. అప్ప ఊపుడికి ఏమీ కాలేదు, తెర మీద అక్షరాలు వచ్చాయి. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

"ఎల్లుండి పార్టీ వచ్చేలోగా పెంకు మార్చి తే. ఆయన ఎల్లాక ఏది ఉంచాలో సెప్తాను" అన్నాడు బాబాయ్. ఖాయం చెయ్యలేదు.

మర్నాడు పొద్దున్నే రైలెక్కి విశాఖ వెళ్ళాను. ఆ రోజంత సంబరంగా నేను ఏ రోజూ బేరం చెయ్యలేదు. కొట్టువాడు చూపించిన ప్రతి క్యాబినెట్‌నీ బయట ఎండలోకి పట్టుకెళ్ళి చూశాను. లోపల ట్యూబులైటు కింద చూస్తే రంగు తెలియదని అప్ప బల్ల చూశాక నాకు తెలిసింది. నిగనిగలాడే నలుపు ఎంత బాగున్నా వదిలేశాను, ఫ్యాక్టరీలో జీడి పొట్టు ఎగిరి దాని మీద వాలితే అరగంటలో బూడిద చల్లినట్టుంటుంది. ఒకటి మరీ మెరుపు, పెళ్ళి లైటింగులాగ. ఒకటి తలుపు తెరిస్తే కిర్రుమంది. కొట్టువాడు విసుగొచ్చి, "అమ్మా, మీరు చీర కొంటున్నారా, క్యాబినెట్ కొంటున్నారా" అన్నాడు. చివరికి వెండి బూడిద రంగులో, అంచులు నున్నగా, చిన్న నీలం లైటున్నది దొరికింది. చూడగానే ఇదే అనిపించింది.

తిరుగు రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. నౌపడ దగ్గర ఎదుటి సీటావిడ, "టీవీయేటమ్మా" అని అడిగింది. కంప్యూటర్ పెట్టె అన్నాను. ఖాళీదేనా అంది. ఖాళీదే అన్నాను. ఖాళీ పెట్టెని అంత జాగ్రత్తగా పట్టుకున్నదాన్ని ఆవిడ పూండి దాటేదాకా వింతగా చూస్తూనే ఉంది.

లోపలిదంతా ఆ సాయంత్రమే మార్చాను. దారాలన్నీ విప్పి మళ్ళీ కట్టాను, కొసలు మళ్ళీ ఒకే పొడవుకి కత్తిరించాను. ఈసారి ఎందుకు కత్తిరిస్తున్నానో నాకు తెలుసు.

ఢిల్లీ పార్టీ వచ్చిన రోజు బాబాయ్ నన్ను ఆఫీసులోనే ఒక మూల కూర్చోమన్నాడు. వచ్చినాయన లోపలికి అడుగు పెట్టి, అటూ ఇటూ చూసి, కంప్యూటర్ మీద చూపు ఆపి, కొత్తదా అని హిందీలో అడిగాడు. బాబాయ్ ఛాతీ అంగుళం పెరిగింది. అంతే, ఆ చూపు గుక్కెడు టీ తాగినంత సేపు కూడా లేదు. నేను అన్ని క్యాబినెట్లు ఎండలో పెట్టి చూసింది ఈ కాస్త చూపుకేనా అని ఉసూరుమనిపించింది. కానీ ఆయన సంచీ కింద పెట్టి, తనే కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చున్నాడు. ఢిల్లీలో వాళ్ళ ఆఫీసుకి ఒక మెయిల్ పంపొచ్చా అన్నాడు. సగం రాసేసరికి బయట డ్రమ్ము మోటార్లు తిరగడం మొదలెట్టాయి. ఫ్యాను నెమ్మదించింది, ట్యూబులైటు ఒకసారి ఆరి వెలిగింది. నేను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తెర చెక్కుచెదరలేదు. ఆయన తలెత్తి లైటు వైపు చూశాడు, మళ్ళీ వంగి తన మెయిల్ రాసుకుపోయాడు. నాకు లేచి గంతులెయ్యాలనిపించింది.

ఆయన వెళ్ళాక బాబాయ్ షోరూం వాళ్ళకి ఫోన్ చేసి, మీ మిషను పట్టుకెళ్ళండని చెప్పాడు. నాతో మాత్రం, "గుమ్మంలోకి అడుగెట్టగానే కనబడేటట్టు దీన్ని కొంచెం ఇటు తిప్పి పెట్టమ్మా" అన్నాడు. అదే నాకు ఖాయం చేసిన మాట. అందం గెలిచిందో, లోపలిది గెలిచిందో ఆ రోజు నేను ఆలోచించే స్థితిలో లేను. తిప్పి పెట్టాను.

ఇంటికెళ్ళి నాన్నకి చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ అంతా విని, "ఊపిందా" అని ఒక్క మాట అడిగి, పొలమారేటట్టు నవ్వాడు. బీఈడీ ఊసెత్తలేదు. మర్నాడు తెల్ల చొక్కా వేసుకుని నాతో కాశీబుగ్గ బయలుదేరాడు. ఎందుకో చెప్పలేదు. నా గది ముందు ఒక పెయింటరు నిచ్చెన వేసుకుని మా కోసం ఎదురుచూస్తున్నాడు.

కొట్టు పేరు ఏం రాయాలో చెప్పాక పెయింటరు, "కింద ప్రొప్రయిటరు అని మీ పేరే కదండీ" అని నాన్నని అడిగాడు. మా వైపు అంతే. ఆడవాళ్ళు నడిపే కొట్టుకైనా బోర్డు మీద తండ్రి పేరో, మొగుడి పేరో ఉంటుంది. నేనూ అదే అనుకుని తలుపు తాళం తీస్తున్నాను.

"కాదు. మా అమ్మాయి పేరు రాయి" అన్నాడు నాన్న.

పెయింటరు సరేనని, బోర్డు అడుగున ఓ మూల సుద్దతో బెత్తెడు గీత గీశాడు. నాన్న ఆ గీత వైపు చూశాడు. చెప్పులు టపటపలాడించుకుంటూ రోడ్డు దాటి, అవతల పక్కన నిలబడి చూశాడు. ఇంకాస్త వెనక్కి జరిగి మళ్ళీ చూశాడు. అక్కణ్ణుంచే గొంతెత్తి, "అది సాలదు బాబూ, పెద్దగా రాయి. బస్సులో ఎల్లేవోళ్ళకి కూడా అగుపించాల" అన్నాడు.